ఫెర్గూసన్ బర్త్‌డే రోజే మాంచెస్టర్‌కు షాక్ ఇచ్చారు.. అయినా లీగ్ నుంచి ఔట్! హైదరాబాద్ మూలాలున్న 'వెంకీస్' చేతిలో బ్లాక్‌బర్న్ రోవర్స్ 2011-12 సీజన్ పూర్తి కథ

ఆర్సెనల్‌ను ఓడించారు. మాంచెస్టర్ యునైటెడ్‌ను వాళ్ల సొంత గడ్డపైనే ఓడించారు. టీమ్‌లో ఒక్కడే 17 లీగ్ గోల్స్ కొట్టాడు. ఇవన్నీ చేసిన జట్టు పాయింట్ల పట్టికలో ఎక్కడుండాలి? కనీసం మధ్యలోనైనా ఉండాలి కదా! కానీ ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ రోవర్స్ 2011-12 సీజన్‌ను 20 జట్లలో 19వ స్థానంతో ముగించింది. వరుసగా 11 ఏళ్లు ఆడిన ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కు పడిపోయింది. ఆ తర్వాత మళ్లీ పైకి రాలేదు.

ఈ క్లబ్ గురించి మనవాళ్లు తెలుసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దీని ఓనర్లు 'వెంకీస్' గ్రూప్. హైదరాబాద్‌లో మొదలైన కోళ్ల వ్యాపారమే ఆ గ్రూప్‌కు పునాది. అసలు ఆ సీజన్‌లో ఏం జరిగింది? పెద్ద జట్లను కొట్టిన టీమ్ ఎందుకు మునిగింది? మ్యాచ్‌ల లెక్కలతో సహా చూద్దాం.

గుడ్డు ధర నుంచి గోల్ పోస్ట్ దాకా..

టీవీలో, పేపర్లో రోజూ 'ఎన్‌ఈసీసీ గుడ్డు ధర' చూస్తుంటాం కదా. 1982లో ఆ నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఏర్పాటుకు ముందు నిలిచిన వ్యక్తి డాక్టర్ బి.వి. రావు. పూర్తి పేరు బండా వాసుదేవరావు. 1971లో ఆయన హైదరాబాద్‌లో వెంకటేశ్వర హ్యాచరీస్ పెట్టారు. తర్వాత గ్రూప్ కేంద్రం పుణెకు మారింది. 1996లో ఆయన కన్నుమూశాక కూతురు అనురాధా దేశాయ్, కొడుకులు వెంకటేష్ రావు, బాలాజీ రావు వ్యాపారాన్ని చూసుకుంటూ వచ్చారు.

2010 నవంబర్‌లో ఈ గ్రూప్ దాదాపు 2.3 కోట్ల పౌండ్లకు బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొనేసింది. ఓ ప్రీమియర్ లీగ్ క్లబ్ భారతీయ కంపెనీ చేతికి రావడం అదే మొదటిసారి. ఇక్కడ పేపర్లన్నీ గొప్పగా రాశాయి. అక్కడి అభిమానులు మాత్రం కాస్త ఆశగా, కాస్త అనుమానంగా చూశారు.

ఎక్కడిదీ బ్లాక్‌బర్న్?

ఇంగ్లండ్ వాయవ్యాన, లంకాషైర్ ప్రాంతంలోని ఊరు బ్లాక్‌బర్న్. జనాభా లక్షకు కొంచెం పైన. ఒకప్పుడు మగ్గాలకు, బట్టల మిల్లులకు పేరున్న చోటు. ఇక్కడి మిల్లుల బట్ట మన దేశానికి ఓడల్లో వచ్చేది. విదేశీ వస్త్ర బహిష్కరణ ప్రభావం ఎలా ఉందో చూడటానికి 1931లో గాంధీజీ వెళ్లిన డార్వెన్ దీని పక్క ఊరే.

ఊరు చిన్నదే, క్లబ్ మాత్రం పాతది. 1875లో పుట్టింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు ఉన్న 12 క్లబ్బుల్లో ఇదొకటి. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడూ ఉంది. ఈ రెండింటి పుట్టుకలోనూ భాగమైన క్లబ్బులు మూడే మూడు. ఆస్టన్ విల్లా, ఎవర్టన్, బ్లాక్‌బర్న్.

1994-95లో అయితే ఏకంగా లీగ్ ఛాంపియన్. ఊరికే చెందిన స్టీల్ వ్యాపారి జాక్ వాకర్ సొంత డబ్బు కుమ్మరించారు. కెన్నీ డాల్గ్లిష్ మేనేజర్. అలన్ షీరర్ ఆ ఒక్క సీజన్‌లోనే 34 లీగ్ గోల్స్ కొట్టాడు. మాంచెస్టర్ యునైటెడ్ కంటే ఒకే ఒక్క పాయింట్ ఎక్కువతో టైటిల్ వచ్చింది. 1999లో కింది డివిజన్‌కు పడినా 2001లో తిరిగొచ్చారు. జాక్ వాకర్ 2000లో చనిపోయారు. ఆయన తర్వాత క్లబ్ బాధ్యత చూసిన ఫ్యామిలీ ట్రస్ట్ దగ్గర్నుంచే వెంకీస్ కొన్నది.

రెలిగేషన్ అంటే ఏంటి? ఎందుకంత భయం?

ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో వచ్చినా వచ్చే ఏడాది మళ్లీ అదే టోర్నీ ఆడొచ్చు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు. ఒక్కో జట్టు మిగతా 19 జట్లతో సొంతూర్లో ఒకటి, పరాయి ఊర్లో ఒకటి చొప్పున 38 మ్యాచ్‌లు ఆడుతుంది. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. చివర్లో 18, 19, 20 స్థానాల్లో ఉన్న మూడు జట్లు కింది డివిజన్ అయిన ఛాంపియన్‌షిప్‌కు వెళ్లిపోతాయి. దాన్నే రెలిగేషన్ అంటారు.

పడిపోతే పరువే కాదు, డబ్బూ పోతుంది. అప్పట్లో ప్రీమియర్ లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్టుకు కూడా లీగ్ నుంచి దాదాపు 4 కోట్ల పౌండ్లు వచ్చేవి. కింది డివిజన్‌లో అందులో చాలా భాగం ఉండదు. జీతాల బిల్లు కట్టలేక ఆటగాళ్లను అమ్ముకోవాలి. మంచి ఆటగాళ్లు పోతే మళ్లీ పైకి రావడం ఇంకా కష్టం. అందుకే 17వ స్థానానికి, 18వ స్థానానికి మధ్య ఉండే గీత ఒక క్లబ్ జాతకాన్నే మార్చేస్తుంది.

సీజన్‌కు ముందే తేడా కొట్టింది

వెంకీస్ వచ్చేసరికి మేనేజర్ సామ్ అలార్డైస్. టీమ్ 13వ స్థానంలో ఉంది. పెద్దగా మెరుపుల్లేవు కానీ డేంజర్ కూడా లేదు. కొత్త ఓనర్లు 2010 డిసెంబర్ 13న ఆయన్ను తప్పించారు. కోచింగ్ స్టాఫ్‌లో ఉన్న స్టీవ్ కీన్‌కు పగ్గాలిచ్చారు. ఆయన అంతకుముందు ఏ జట్టుకూ పూర్తిస్థాయి మేనేజర్‌గా చేయలేదు. ఆ సీజన్ ఆఖరి రోజు వోల్వ్స్‌పై 3-2తో గెలిచి, 43 పాయింట్లతో 15వ స్థానంలో బయటపడ్డారు. గట్టెక్కారు అంతే.

2011 ఎండాకాలంలో అసలు దెబ్బ పడింది. 19 ఏళ్ల డిఫెండర్ ఫిల్ జోన్స్ మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లిపోయాడు. ఏళ్ల తరబడి ఆడిన బ్రెట్ ఎమర్టన్ ఆస్ట్రేలియాకు తిరిగెళ్లాడు. స్ట్రైకర్ నికోలా కాలినిచ్‌ను అమ్మేశారు. వాళ్ల బదులు కొందరు వచ్చారు కానీ, ముఖ్యమైన ఇద్దరు మాత్రం ట్రాన్స్‌ఫర్ గడువు ఆఖరి రోజు, ఆగస్టు 31న చేరారు. ఎవర్టన్ నుంచి నైజీరియా స్ట్రైకర్ యాకుబు, బర్మింగ్‌హామ్ నుంచి డిఫెండర్ స్కాట్ డాన్. అప్పటికే మూడు మ్యాచ్‌లు అయిపోయాయి. మూడూ ఓటమే.

ఆగస్టు: రెండు పెనాల్టీలు వచ్చినా..

ఆగస్టు 13న సొంత మైదానం ఈవుడ్ పార్క్‌లో తొలి మ్యాచ్. వోల్వ్స్ చేతిలో 1-2. తర్వాత ఆస్టన్ విల్లా దగ్గర 1-3.

మూడోది ఎవర్టన్‌తో. ఈ మ్యాచ్ గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే సీజన్ మొత్తం ఎలా ఉండబోతోందో ఇక్కడే కనిపించింది. బ్లాక్‌బర్న్‌కు ఒకటి కాదు, రెండు పెనాల్టీలు వచ్చాయి. జూనియర్ హోయ్‌లెట్ కొట్టినదాన్ని కీపర్ ఆపేశాడు. ఫోర్మికా కొట్టినది పోస్ట్‌కు తగిలింది. అదనపు సమయంలో ఎవర్టన్‌కు పెనాల్టీ వచ్చింది. అర్టెటా తప్పు చేయలేదు. 0-1.

సెప్టెంబర్: ఆర్సెనల్‌కు ఏడు గోల్స్ థ్రిల్లర్

సెప్టెంబర్ 17న ఆర్సెనల్ వచ్చింది. మ్యాచ్‌కు ముందు కీన్‌ను తప్పించాలంటూ కొందరు అభిమానులు నిరసన ర్యాలీ తీశారు. ఫస్ట్ హాఫ్ అయ్యేసరికి ఆర్సెనల్ 2-1 ఆధిక్యం. ఆ తర్వాత స్టేడియం ఊగిపోయింది. సాంగ్ సెల్ఫ్ గోల్, యాకుబు రెండో గోల్, కోసిల్నీ సెల్ఫ్ గోల్.. చూస్తుండగానే 4-2. చివర్లో ఆర్సెనల్ ఒకటి తిరిగిచ్చినా 4-3తో రోవర్స్‌దే విజయం. సీజన్‌లో తొలి గెలుపు ఇదే.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. న్యూకాజిల్‌లో 1-3. అక్టోబర్ 1న మాంచెస్టర్ సిటీ ఈవుడ్ పార్క్‌కే వచ్చి 4-0తో చితక్కొట్టింది. ఏడు మ్యాచ్‌ల్లో 4 పాయింట్లు.

మధ్యలో పుణె ట్రిప్

సిటీ చేతిలో ఓడిన వారం లోపే టీమ్ మొత్తం ఇండియా ఫ్లైట్ ఎక్కింది. అక్టోబర్ 7న పుణెలో పుణె ఎఫ్‌సీతో ఫ్రెండ్లీ మ్యాచ్. 3-0తో గెలిచారు. మన అభిమానులకు ప్రీమియర్ లీగ్ జట్టును కళ్లారా చూసే ఛాన్స్. ఓనర్ల బ్రాండ్‌కు మంచి ప్రచారం. కానీ అట్టడుగున ఉన్న టీమ్ ప్రాక్టీస్ వదిలి వేల కిలోమీటర్లు తిరగడమేంటని బ్లాక్‌బర్న్ అభిమానులు గుర్రుమన్నారు. అదే ఏడాది ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూమ్‌లో చికెన్ తింటున్నట్టు తీసిన వెంకీస్ యాడ్ కూడా వాళ్లకు పుండుమీద కారంలా తగిలింది.

చేతికొచ్చి జారిన పాయింట్లు

ఇక్కడి నుంచి మొదలైంది అసలు కథ. అక్టోబర్ 29న నార్విచ్‌లో 82వ నిమిషం దాకా 3-1 ఆధిక్యం. అక్కడ ఒకటి ఇచ్చారు. అదనపు సమయంలో పెనాల్టీకి ఇంకోటి. స్కోరు 3-3.

నవంబర్ 19న విగన్‌లో మాత్రం సీన్ రివర్స్. అదనపు సమయం ఆఖర్లో యాకుబు పెనాల్టీతో 3-3 చేసి ఓ పాయింట్ లాక్కొచ్చారు. డిసెంబర్ 3న స్వాన్సీపై 4-2 గెలుపు. నాలుగు గోల్సూ యాకుబువే! హమ్మయ్య, దారిలో పడ్డారనుకున్నారు.

అప్పుడే మూడు దెబ్బలు వరుసగా తగిలాయి. డిసెంబర్ 11న సండర్‌లాండ్‌లో 84వ నిమిషం దాకా 1-0తో ముందున్నారు. అక్కడ ఒక గోల్. అదనపు సమయంలో లార్సన్ ఫ్రీ కిక్. 1-2. డిసెంబర్ 17న ఈవుడ్ పార్క్‌లో వెస్ట్ బ్రామ్‌తో 1-1. 89వ నిమిషంలో ఒడెమ్‌వింగీ గోల్. 1-2. మూడు రోజులకే, డిసెంబర్ 20న బోల్టన్ వచ్చింది. తమతో పాటు అడుగున ఉన్న జట్టు. తప్పక గెలవాల్సిన మ్యాచ్. అదీ 1-2.

ఆ రాత్రి స్టేడియంలో కీన్‌పై అభిమానుల కోపం కట్టలు తెంచుకుంది. సొంత జట్టు ఆడుతుంటే సొంత జనమే కేకలు. 17 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లు. క్రిస్మస్ నాటికి పట్టికలో 20వ స్థానం.

డిసెంబర్ 31: ఓల్డ్ ట్రాఫర్డ్‌లో అద్భుతం

క్రిస్మస్ మర్నాడు ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్‌ను 1-1తో ఆపారు. తర్వాతి మ్యాచ్ డిసెంబర్ 31న, మాంచెస్టర్ యునైటెడ్‌తో. ఆ రోజే సర్ అలెక్స్ ఫెర్గూసన్ 70వ పుట్టినరోజు. అట్టడుగు జట్టు వస్తోంది, బర్త్‌డే గిఫ్ట్ రెడీ అని అందరూ అనుకున్నారు.

16వ నిమిషంలో పెనాల్టీ. యాకుబు గోల్. సెకండ్ హాఫ్ మొదట్లోనే యాకుబు మళ్లీ కొట్టాడు. 2-0! బెర్బటోవ్ రెండు గోల్స్‌తో యునైటెడ్ 2-2 చేసింది. ఇక అయిపోయింది, యునైటెడ్ గెలిచేస్తుంది అనుకున్న టైంలో 80వ నిమిషంలో కార్నర్. యువ డిఫెండర్ గ్రాంట్ హాన్లీ తలతో నెట్టేశాడు. 3-2. ఓల్డ్ ట్రాఫర్డ్ సైలెంట్.

ఈ ఫలితం విలువ ఎంతో మే నెలలో తెలిసింది. మాంచెస్టర్ సిటీ, యునైటెడ్ రెండూ 89 పాయింట్లతో సమంగా ముగించాయి. గోల్స్ తేడాతో టైటిల్ సిటీకి వెళ్లింది. బ్లాక్‌బర్న్‌తో ఆ రోజు యునైటెడ్ కనీసం డ్రా చేసుకున్నా ఛాంపియన్ అయ్యేది. అంటే లీగ్ నుంచి పడిపోయిన జట్టే, లీగ్ ఎవరికి దక్కాలో తేల్చింది!

జనవరి: గోడ కూలింది

కొత్త ఏడాదిలో గెలుపులు కొన్ని వచ్చాయి. జనవరి 14న ఫుల్‌హామ్‌పై 3-1. కానీ డిఫెన్స్‌లో పెద్ద దిక్కు అనుకున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఏళ్లపాటు కెప్టెన్‌గా చేసిన న్యూజిలాండ్ డిఫెండర్ ర్యాన్ నెల్సెన్ టోటెన్‌హామ్‌కు మారాడు. మరో స్తంభం క్రిస్ సాంబా వెళ్లిపోతానని పట్టుబట్టాడు. ఫిబ్రవరిలో రష్యా క్లబ్ అంజీ మఖచ్కలాకు అమ్మేశారు. ఎండాకాలంలో జోన్స్, ఇప్పుడు వీళ్లిద్దరూ. ముగ్గురు సెంటర్ డిఫెండర్లు పోయారన్నమాట.

ఫిబ్రవరి 4న ఆర్సెనల్‌తో మ్యాచ్. సెప్టెంబర్‌లో తమకు జరిగినదానికి ఆర్సెనల్ వడ్డీతో సహా తీర్చుకుంది. 7-1. వాన్ పెర్సీ హ్యాట్రిక్. బ్లాక్‌బర్న్‌లో ఒకరికి రెడ్ కార్డ్.

మార్చి: చిగురించిన ఆశ

మార్చి 10న వోల్వ్స్‌లో 2-0. రెండూ హోయ్‌లెట్ గోల్స్. ఈ మ్యాచ్‌కు ఓ ప్రత్యేకత ఉంది. ఆ సీజన్‌లో గోల్ ఇవ్వకుండా ముగించిన తొలి లీగ్ మ్యాచ్ ఇదే. ఆగస్టులో మొదలైన సీజన్‌లో మార్చి దాకా ప్రతి మ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు గోల్ కొడుతూనే వచ్చారు!

మార్చి 20న సండర్‌లాండ్‌పై మరో 2-0. 29 మ్యాచ్‌ల్లో 28 పాయింట్లు. డేంజర్ జోన్ దాటేశారు. కీన్‌పై నినాదాలు కూడా తగ్గాయి. ఇంకో మూడు గెలుపులు వస్తే చాలు. తొమ్మిది మ్యాచ్‌లు చేతిలో ఉన్నాయి.

మార్చి 24 నుంచి: ఐదుకు ఐదూ ఓటమే

మార్చి 24న బోల్టన్‌లో 1-2. ఏప్రిల్ 2న మాంచెస్టర్ యునైటెడ్ ఈవుడ్ పార్క్‌కు వచ్చింది. 80 నిమిషాలు గోల్ లేకుండా ఆపారు. 81లో వాలెన్సియా, 86లో యంగ్. 0-2. వెస్ట్ బ్రామ్‌లో 0-3.

ఏప్రిల్ 10న లివర్‌పూల్‌తో సొంత మైదానంలో మ్యాచ్. 0-2తో వెనకబడ్డారు. అంతలో లివర్‌పూల్ కీపర్‌కు రెడ్ కార్డ్, బ్లాక్‌బర్న్‌కు పెనాల్టీ. అప్పుడే లోపలికొచ్చిన కొత్త కీపర్ యాకుబు షాట్‌ను ఆపేశాడు. అయినా యాకుబు వెనక్కి తగ్గలేదు. రెండు గోల్స్ కొట్టి 2-2 చేశాడు. పది మందితో ఆడుతున్న ప్రత్యర్థి. గెలవాల్సిన మ్యాచ్. అదనపు సమయంలో ఆండీ కారోల్ హెడర్. 2-3.

తర్వాత స్వాన్సీలో 0-3. వరుసగా ఐదో ఓటమి. ఏప్రిల్ 21న నార్విచ్‌పై 2-0తో గెలిచి ఊపిరి పీల్చుకున్నారు. కానీ టోటెన్‌హామ్ దగ్గర మళ్లీ 0-2.

మే 7: వానలో ముగిసింది

సోమవారం రాత్రి. కుండపోత వర్షం. ఈవుడ్ పార్క్‌లో విగన్‌తో మ్యాచ్. గెలవకపోతే కథ ముగిసినట్టే. మ్యాచ్ నడుస్తుండగా స్టాండ్స్‌లోంచి ఎవరో మైదానంలోకి ఓ కోడిని వదిలారు. దానికి రోవర్స్ జెండా చుట్టి ఉంది. కోళ్ల కంపెనీ ఓనర్లపై అభిమానుల నిరసన అది. ఆ దృశ్యం ప్రపంచమంతా చూసింది. చాలామందికి నవ్వులాట. ఊరివాళ్లకు మాత్రం అది 137 ఏళ్ల క్లబ్ పరువు.

87వ నిమిషం. విగన్‌కు కార్నర్. డిఫెండర్ అల్కరాజ్ హెడర్. 0-1. విగన్ సేఫ్. బ్లాక్‌బర్న్ ఔట్. ఇంకో మ్యాచ్ మిగిలుండగానే రెలిగేషన్ ఖాయమైంది. ఆఖరి మ్యాచ్‌లో చెల్సీ దగ్గర 1-2తో ఓడటం లాంఛనమే.

సీజన్ ఒక్క చూపులో..

- ఆడిన మ్యాచ్‌లు: 38
- గెలుపులు 8, డ్రాలు 7, ఓటములు 23
- కొట్టిన గోల్స్ 48, ఇచ్చిన గోల్స్ 78
- పాయింట్లు: 31, స్థానం: 19
- సొంత మైదానంలో: 6 గెలుపులు, 1 డ్రా, 12 ఓటములు
- పరాయి మైదానాల్లో: 2 గెలుపులు, 6 డ్రాలు, 11 ఓటములు
- గోల్ ఇవ్వని మ్యాచ్‌లు: 3 మాత్రమే
- టాప్ స్కోరర్: యాకుబు, 17 లీగ్ గోల్స్
- తోడుగా పడిపోయిన జట్లు: బోల్టన్ (36 పాయింట్లు), వోల్వ్స్ (25 పాయింట్లు)
- చివరి క్షణంలో బతికిన జట్టు: క్యూపీఆర్ (37 పాయింట్లు)

అసలు ఎక్కడ పోయింది? పది నిమిషాల లెక్క

చాలామంది చెప్పేది ఒకటే. ఓనర్లకు ఫుట్‌బాల్ తెలియదు, మేనేజర్‌కు అనుభవం లేదు, అందుకే మునిగింది అని. అందులో నిజం లేకపోలేదు. కానీ ఈ టీమ్ చేతగానిది కాదు. చేతగాని టీమ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గెలవదు. 48 గోల్స్ కొట్టదు. బతికి బయటపడిన క్యూపీఆర్ కొట్టింది 43 గోల్సే!

మ్యాచ్‌ల చివరి పది నిమిషాలు చూస్తే అసలు జబ్బు బయటపడుతుంది. 80వ నిమిషం దాటాక ఇచ్చిన గోల్స్ వల్ల పోయిన పాయింట్లు చూడండి.

- ఎవర్టన్ (సొంత మైదానం): 0-0 నుంచి 0-1. పోయింది 1
- నార్విచ్‌లో: 3-1 నుంచి 3-3. పోయినవి 2
- సండర్‌లాండ్‌లో: 1-0 నుంచి 1-2. పోయినవి 3
- వెస్ట్ బ్రామ్ (సొంత మైదానం): 1-1 నుంచి 1-2. పోయింది 1
- మాంచెస్టర్ యునైటెడ్ (సొంత మైదానం): 0-0 నుంచి 0-2. పోయింది 1
- లివర్‌పూల్ (సొంత మైదానం): 2-2 నుంచి 2-3. పోయింది 1
- విగన్ (సొంత మైదానం): 0-0 నుంచి 0-1. పోయింది 1

మొత్తం 10 పాయింట్లు. అలాగని చివర్లో వీళ్లకు ఏమీ దక్కలేదని కాదు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో హాన్లీ 80వ నిమిషం గోల్‌తో 2, విగన్‌లో ఆఖరి పెనాల్టీతో 1, ఆస్టన్ విల్లాపై ఈవుడ్ పార్క్‌లో 85వ నిమిషంలో డేవిడ్ డన్ సమం చేయడంతో 1. మొత్తం 4 వచ్చాయి.

పోయినవి 10, వచ్చినవి 4. నికర నష్టం 6. 31కి 6 కలిపితే 37. క్యూపీఆర్ బతికిన పాయింట్లు ఎన్ని? సరిగ్గా 37! గోల్స్ తేడాలో క్యూపీఆర్‌దే పైచేయి కాబట్టి అప్పుడు కూడా ఖాయంగా బతికేవాళ్లని చెప్పలేం. కానీ ఆ పది నిమిషాలు సరిగ్గా కాపాడుకుని ఉంటే, ఆఖరి రోజు దాకా పోరాటంలో ఉండేవాళ్లు.

ఇంకో లెక్క. తమతో పాటు కిందే కొట్టుమిట్టాడిన బోల్టన్‌తో రెండు మ్యాచ్‌లూ 1-2తోనే పోయాయి. పక్క ఊరి జట్టుకే ఆరు పాయింట్లు అప్పగించారు. పెద్ద జట్లపై గెలిస్తే పేరొస్తుంది. పక్కనున్న జట్లపై గెలిస్తేనే లీగ్‌లో చోటు మిగులుతుంది.

చివర్లోనే ఎందుకు తడబడ్డారు?

ఆధిక్యంలో ఉన్నప్పుడు ఆఖరి పది నిమిషాలు కాచుకోవడానికి కావాల్సింది అనుభవం. ఎవరు ఎక్కడ నిలబడాలో అరిచి చెప్పే సీనియర్ కావాలి. ఆ పని చేయాల్సిన నెల్సెన్, సాంబా సీజన్ మధ్యలో వెళ్లిపోయారు. రేపటి స్తంభం అనుకున్న జోన్స్ ముందే అమ్ముడయ్యాడు. వాళ్ల చోట్లో కుర్రాళ్లు, కొత్తవాళ్లు. మార్చి 24 నుంచి ఆడిన తొమ్మిది మ్యాచ్‌ల్లో వచ్చింది 3 పాయింట్లే అంటే ఆశ్చర్యం ఏముంది?

దీనికి స్టేడియం వాతావరణం తోడైంది. సొంత మైదానం అంటే అండ. బ్లాక్‌బర్న్‌కు మాత్రం అదే భారమైంది. 19 మ్యాచ్‌ల్లో 12 ఓటములు ఈవుడ్ పార్క్‌లోనే. అభిమానుల కోపంలో న్యాయం ఉంది. వాళ్లు తాతల కాలం నుంచి టికెట్ కొని వస్తున్నవాళ్లు. తమ మాట వినే ఓనరు కనిపించకపోతే స్టాండ్స్‌లో అరవడం తప్ప ఏం చేస్తారు? కానీ ఆ అరుపుల మధ్య 20 ఏళ్ల కుర్రాడు ఆఖరి కార్నర్‌ను క్లియర్ చేయాలి. నష్టం రెండు వైపులా జరిగింది.

ఆ తర్వాత ఏమైంది?

కీన్ 2012 సెప్టెంబర్ 28న రాజీనామా చేశారు. ఆ తర్వాత ఒకే సీజన్‌లో మేనేజర్లు మారుతూనే పోయారు. మాజీ ఆటగాడు హెన్నింగ్ బెర్గ్ అయితే 57 రోజులకే ఇంటికెళ్లారు.

విగన్ చేతిలో పడిన రోజు మే 7, 2012. సరిగ్గా ఐదేళ్లకు, 2017 మే 7న బ్లాక్‌బర్న్ మళ్లీ పడిపోయింది. ఈసారి మూడో అంచె లీగ్ వన్‌కు. చివరి మ్యాచ్ 3-1తో గెలిచినా గోల్స్ తేడా దెబ్బతీసింది. ప్రీమియర్ లీగ్ టైటిల్ గెలిచిన క్లబ్ లీగ్ వన్‌కు పడటం అదే మొదటిసారి. టోనీ మోబ్రే ఆధ్వర్యంలో ఏడాదిలోనే తిరిగి ఛాంపియన్‌షిప్‌కు వచ్చారు. 2022-23లో ఏడో స్థానం. ప్లేఆఫ్ బెర్తు గోల్స్ తేడాతోనే చేజారింది. 2024-25లోనూ ఏడో స్థానమే.

వెంకీస్ క్లబ్‌ను వదిలేయలేదు. టీవీ డబ్బు తగ్గిన క్లబ్‌ను నడపడానికి ఏటా సొంత డబ్బు పోస్తూనే వచ్చింది. అది కూడా చెప్పుకోవాలి. కానీ ప్రీమియర్ లీగ్ తలుపు మాత్రం మళ్లీ తెరుచుకోలేదు.

మనకు పాఠం ఏంటి?

ఇప్పుడు మన వ్యాపారవేత్తలు క్రికెట్, కబడ్డీ, బ్యాడ్మింటన్.. అన్ని లీగుల్లో టీమ్‌లు కొంటున్నారు. కొనడానికి డబ్బుంటే చాలు. ఒక ఊరు నూటముప్పై ఏళ్లుగా తనదనుకుంటున్న జట్టును నడపాలంటే ఆ ఊరి మాట వినాలి, ఆటలో తలపండినవాళ్లను పక్కన పెట్టుకోవాలి. బి.వి. రావు కోళ్ల రైతులను ఒక్క తాటిపైకి తెచ్చినప్పుడు చేసింది అదే. ఎవరి పని వాళ్లకు తెలుసని నమ్మి, వాళ్లతోనే ధర నిర్ణయించుకునే దారి చూపించారు. బ్లాక్‌బర్న్‌లో లోపించింది ఆ నమ్మకమే అనిపిస్తుంది.

ఈసారి ఏ మ్యాచ్ చూసినా 80వ నిమిషం దాటాక స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకండి. టైటిల్ ఎవరిదో, ఎవరు కింది లీగ్‌కు పడతారో తేలేది తరచుగా అక్కడే. ఆ సంగతి బ్లాక్‌బర్న్‌ అభిమానులకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.